చదువునకు తగిన కొలత



ధాన్యమును పడితో కొలుతుము. బట్టను గజముతో కొలుతుము. పొలమును గొలుసుతో కొలుతుము. పడి చేతబట్టుకొని పొలము కొలువబోయినవానిని చూచి పసిపిల్లలు సైతము నవ్వుదురు. అయినను బాలుని చదువును కొలుచు విషయమున మనము తరతరములుగా ఇట్టి పొరపాటునే చేయుచు వచ్చితిమి, ఎవరును నవ్వలేదు. నేను 1984 మొదలు 2020 వరకు అప్పటి అనంతపురము జిల్లా బడులలో తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి పొందినవాడను. ఆ 36 సంవత్సరములలో మొదటి పదేండ్లు నేనును పడితో పొలము కొలిచినవాడనే. ఆ మాట ముందుగా ఒప్పుకొని, పాఠమునకును పరీక్షకును గల ముడి యెట్లు వీడినదో, దానిని మరల వేయుటకు ఉపాధ్యాయులు కలిసి కూర్చుండి యెట్లు నేర్చుకొనిరో, ఆ చరిత్రను ఈ ప్రసంగమున మీకు విన్నవించెదను.

మొదట నా తప్పు చెప్పెదను. 1993వ సంవత్సరమున ఒకనాటి సాయంకాలము ఒక రైతు ఇల్లాలు కొడుకును వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. బాలుడు నా వద్ద ఏడవ తరగతి చదువుచున్నవాడు. నేను ప్రశ్నలిచ్చి నేనే దిద్దిన తెలుగు పరీక్షలో 100కి 71 మార్కులు తెచ్చుకొన్నవాడు. ఆమె చేతిలో సహకార సంఘమువారు పంపిన నోటీసు ఒకటి యున్నది. వేరుశనగ పంటకై తీసికొన్న అప్పును ఫలానా తేదీలోపల చెల్లించినచో వడ్డీలో కొంత తగ్గింతుమని అందులో వ్రాసియున్నది. కాగితము వచ్చిననాడే తల్లి దానిని కొడుకుచేత చదివించినదట. బాలుడు తడుముకొనకుండ గడగడ చదివినాడట. ఏమని వ్రాసినారని అడుగగా తెల్లమొగము వేసినాడట. తండ్రి ఊరిలో లేడు. పొరుగువారిని అడుగుటకు ఆమెకు మొగమాటము కలిగినది. కాగితము గూటిలో పెట్టినది. గడువు దాటిపోయినది.

"సామీ, మావానికి డెబ్బైయొక్క మార్కులు వేసినారు గదా. ఇంటికొచ్చిన కాగితంలో ఏముందో చెప్పలేకపాయె. ఆ మార్కులు దేనికి పనికొచ్చేవి సామీ?" అని ఆమె యడిగినది.

నేను బదులు చెప్పలేకపోతిని. ఆ రాత్రి బాలుని జవాబు కాగితము తీసి మరల చూచితిని. పద్యములకు ప్రతిపదార్థములు, తాత్పర్యములు, పాఠముల సారాంశములు, అన్నియు సరిగానే యున్నవి. అన్నియు నేను బడిలో చెప్పి వ్రాయించిన మాటలే. నా మాటలు అతని కాగితము మీదుగా నడిచి తిరిగి నా యొద్దకే వచ్చినవి. నేను పరీక్షించినది బాలుని చదువును గాదు, నా నోట్సును. చదివినదాని భావము గ్రహించుట నేర్పవలెనని పాఠ్యప్రణాళికలో నున్నది. ఆ సంగతి నేనెరుగుదును. కాని దానిని నేను ఒక్కనాడైనను పరీక్షింపలేదు. పరీక్షింపనిదానిని బాలుడేల నేర్చును? నేనైనను ఏల నేర్పుదును?

ఈ దోషము నా యొక్కనితో పుట్టినది కాదు. దీనికి రెండువందల యేండ్ల చరిత్ర కలదు.

మన ప్రాంతపు బడులను గూర్చి మొదట విరివిగా లెక్కలు తీయించినవాడు సర్ థామస్ మన్రో. ఆయన మద్రాసు గవర్నరుగా నుండగా 1822లో కలెక్టరులందరిని తమ తమ జిల్లాలలోని బడుల వివరములు పంపుడని కోరెను. వచ్చిన లెక్కలనుబట్టి 1826లో ఆయన వ్రాసిన పత్రము ప్రకారము మద్రాసు రాజధానిలో 12,498 బడులుండెను. జనసంఖ్య సుమారు 1 కోటి 28 లక్షలు. అనగా దాదాపు వేయిమందికొక బడి. ఆ కలెక్టరులలో బళ్ళారి కలెక్టరగు ఏ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక మనకు మిక్కిలి ముఖ్యము. ఆయన తెలుగు క్షుణ్ణముగా చదివినవాడు. 1816లో తెలుగు వ్యాకరణ మొకటి ఇంగ్లీషున అచ్చువేయించినవాడు. మా అనంతపురము ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే; 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. బడులలో 235 కన్నడమువి, 226 తెలుగువి.

ఆ బడులలో చదువు సాగిన తీరును క్యాంబెల్ వర్ణించెను. ఉదయము అందరికన్న ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. అనగా వానికి మెప్పును లేదు, తిట్టును లేదు. మూడవవాడు మొదలుకొని ఒక్కొక్క దెబ్బ పెరుగుచు పోవును. ఈ ఆచారమును తలచుకొని నవ్వుకొను వృద్ధులు మీలో నిప్పటికిని ఉండవచ్చును. అది యటుండనిండు. మన విషయమునకు కావలసిన మాటలు రెండు అందు కలవు. ఒకటి, బడిలో సాధారణముగా నాలుగు తరగతు లుండెడివి. బాలుడు ఒక తరగతినుండి మరియొక తరగతికి సంవత్సరము నిండినందున గాక తన శక్తిని, ప్రగతిని బట్టి పోవుచుండెను. రెండవది, పంతులు నలుదెసలనుండి నానావిధములైన చేవ్రాతల ఉత్తరములను, కాగితములను సేకరించి తెచ్చి వానిని పిల్లలచేత చదివించుచుండెను. ఉత్తరములు వ్రాయుట, ఒడంబడిక పత్రములు వ్రాయుట నేర్పుచుండెను. అనగా ఊరిలో ఏ చదువు అవసరమో ఆ చదువునకు ఆ కాగితమే పాఠము, ఆ కాగితమే పరీక్ష. పొలమునకు గొలుసే కొలత యైనది.

అయినను ఆ బడులను బంగారుబడులని పొగడుట సత్యము కాదు. వేయిమంది జనులలో ఏడుగురైనను బడిలో లేరని క్యాంబెలే లెక్కకట్టి చెప్పెను. బాలికలు మిక్కిలి కొద్దిమంది. ఎన్నో కులములవారికి ఆ అరుగు ఎక్కు భాగ్యమే లేదు. పద్యముల విషయమున పిల్లలు చిలుకవలె వల్లించుటయే గాని అర్థ మెరుగరని కూడ ఆయన వ్రాసెను. 71 మార్కుల బాలుని ముత్తాత ఆ చిలుకలలో ఒకడై యుండవచ్చును! కావున కంఠపాఠపు దోషము ఇంగ్లీషువారు తెచ్చినది కాదు. మన యింట పుట్టినదే. వారి పద్ధతి దానికి డబ్బు ముడివేసినది. ఆ సంగతి ఇక చెప్పెదను.

ఇంగ్లండులో 1862వ సంవత్సరమున రాబర్టు లో అను మంత్రి కాలమందు బడులకు సర్కారు సొమ్ము ఇచ్చుటకు క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము పిల్లల చదువును ఒకటి మొదలు ఆరు వరకు 'స్టాండర్డు'లుగా విభజించిరి. మన పెద్దలు 'మూడవ స్టాండర్డు చదివినాను' అని చెప్పెడివారు గదా. ఆ మాట ప్రచారమునకు వచ్చుటకు మూలమిది. ఏటికొకసారి ఇన్స్పెక్టరు వచ్చి ప్రతి పిల్లవానిని చదువుట, వ్రాయుట, లెక్క అను మూడింటిలో పరీక్షించును. క్రమముగా బడికి వచ్చిన పిల్లవానికై బడికి 12 షిల్లింగులు లభింపవచ్చును. అందు 8 షిల్లింగులు పరీక్ష మీద ఆధారపడినవి. ఒక్కొక్క విషయమున తప్పినకొలది 2 షిల్లింగుల 8 పెన్నీలు తరుగును. దీనినే 'ఫలితములనుబట్టి చెల్లింపు' అనిరి.

ఆ ప్రమాణములు చెడ్డవి కావు. ఆరవ స్టాండర్డు బాలుడు వార్తాపత్రికలోని చిన్న పేరాను చదువగలుగవలెనని అందున్నది. నా శిష్యుడు ఆ ప్రమాణమును నిజముగా అందుకొనియుండినచో తల్లికి ఆ నష్టము కలుగకపోయెడిది. మరి దోషమెక్కడ? క్రింది స్టాండర్డులలో బాలునిచేత చదివించునది బడిలో వాడు పుస్తకమునుండియే. ఏడాదిపాటు ఆ యొక్క పుస్తకమునే వల్లెవేయించినచో అక్షరము చూడకయే అప్పగింపవచ్చును. ఉపాధ్యాయుని జీతము ఆ యొక్కనాటి మీద వ్రేలాడుచుండగా అతడు మరియేమి చేయును? కవియు, బడుల ఇన్స్పెక్టరును అగు మాథ్యూ ఆర్నాల్డు ఈ పద్ధతిని మొదటినుండి ఖండించెను. ఆయన 1851 మొదలు 1886 వరకు 35 ఏండ్లు ఆ యుద్యోగము చేసినవాడు. పరీక్షలో నెగ్గువారి సంఖ్య పెరుగుచున్నను బడిలో బుద్ధి చైతన్యము తరిగిపోవుచున్నదని ఆయన నివేదించెను. పరీక్షించువాడే పరీక్ష పనికిరాదనిన వినువారు లేకపోయిరి. ఆ పద్ధతి అచట తొలగిపోవుటకు 1890ల దశకము రావలసివచ్చెను.

ఈలోపల అది సముద్రము దాటి మన మద్రాసు రాజధానికి 1860ల దశకమందే వచ్చెను. ఫలితములనుబట్టి గ్రాంట్లు ఇచ్చుట ద్వారా వీథిబడులను సర్కారు అజమాయిషీలోనికి తెచ్చిరి. 1882లో నియమితమైన హంటరు సంఘము ప్రాథమిక పాఠశాలలకు సాయము చాలవరకు పరీక్షాఫలితములనుబట్టియే ఇయ్యవలెనని సిఫారసు చేసెను. దీనివలన మేలు లేకపోలేదు. ఎన్నడు దమ్మిడీ ఎరుగని వీథిబడి పంతులుకు కొంత ధనము లభించినది, బడులు పెరిగినవి. కాని ఇన్స్పెక్టరు అడుగని విద్యకు బడిలో చోటు తగ్గినది.

మా ముత్తాతగారు వీథిబడి పంతులు. ఆయన యొద్ద పాత ఉత్తరముల కట్ట యొకటి యుండెడిదట. అందు భూమి కవులు కాగితములు, పెండ్లి శుభలేఖలు, వర్తకుల ఉత్తరములు, కోర్టు సమనులు ఉండెడివట. పిల్లవాడు ఏ కాగితమిచ్చినను చదివి అర్థము చెప్పగలిగిననాడే 'వీనికి చదువు వచ్చినది' అనెడివారట. గ్రాంటు వచ్చిన తరువాత ఆ కట్ట అటక ఎక్కినది. 'దొర దానిని అడుగడు. అడుగనిదానిపై ప్రొద్దు పుచ్చినచో గ్రాంటు పోవును' అని ముత్తాతగారు చెప్పినట్లు మా తాతగారు నాకు చెప్పిరి. నా బాల్యమున అటక దులిపినప్పుడు ఆ కట్టను చూచితిని. చెదలు తిన్నది పోగా పదిపన్నెండు కాగితములు మిగిలియుండెను. వాని విలువ ఆనాడు నాకు తెలియలేదు.

కర్జను ప్రభువు కాలమున 1904లో వెలువడిన విద్యావిధాన తీర్మానము పరీక్షలు హద్దుమీరి పెరిగినవని ఒప్పుకొని, ఫలితములనుబట్టి చెల్లించు పద్ధతిని నిరసించెను. గ్రాంటు పద్ధతి మారినది గాని అలవాటు మారలేదు. ఇన్స్పెక్టరు కూర్చున్నచోట పబ్లికు పరీక్ష కూర్చున్నది.

ఇచట మన పండితులలో నున్న శలాకాపరీక్షను గూర్చి ఒక్క మాట చెప్పవలెను. తాళపత్ర గ్రంథమున శలాకను గ్రుచ్చి, అది ఏ పత్రము వరకు దిగునో ఆ పత్రములోని విషయమును వివరింపుమందురు. మిథిలలో ఇది ప్రసిద్ధము. విద్యార్థి గ్రంథమంతయు గ్రహించెనా యనునది తెలిసికొనుటయే అక్కడ ఉద్దేశము. కావుననే ఏ పత్రము వచ్చునో ముందుగా తెలియరాదు. ఉద్దేశమునకు తగిన పరీక్ష యనగా నిదియే. పరీక్షలన్నియు చెడ్డవని నేను చెప్పుటలేదు. దేనిని తెలిసికొనదలచితిమో దానికి తగినదై యుండవలెనని మాత్రమే నా మనవి.

ఈ మాటను శాస్త్రముగా నిలిపినవారిలో ముఖ్యుడు అమెరికాదేశపు రాల్ఫ్ టైలరు. ఆయన ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున నుండగా జంతుశాస్త్రము చదివిన విద్యార్థులను చాలకాలము తరువాత మరల పరీక్షించి చూచెను. వారు పేర్లు, నిర్వచనములు చాలవరకు మరచిపోయిరి. కాని నేర్చిన సూత్రమును క్రొత్త సందర్భమునకు అన్వయించు శక్తి మాత్రము నిలిచియుండెను. ఏది నిలుచునో దానిని పరీక్షించువారు లేరు. ఏది పోవునో దానికే మార్కులు!

1933 ప్రాంతమున ఆ దేశమందు 30 పాఠశాలలు చేరి ఒక గొప్ప ప్రయత్నము ప్రారంభించినవి. సుమారు 300 కళాశాలలు తమ ప్రవేశ నిబంధనలను ఆ పాఠశాలల విద్యార్థులకు సడలించుటకు అంగీకరించినవి. దీనినే ఎనిమిదేండ్ల అధ్యయన మందురు. దాని మూల్యాంకన భారము టైలరు మీద పడినది. ఆయన ప్రశ్నపత్రములు తయారుచేసి పంపలేదు. ఉపాధ్యాయులను కూర్చుండబెట్టి, 'మీరు పిల్లలకు ఏమి రావలెనని కోరుచున్నారు?' అని యడిగెను. 'ఆలోచనాశక్తి' అని వారు చెప్పినచో, 'ఆలోచనాశక్తి గల పిల్లవాడు ఏమి చేయగలడు? లేనివాడు ఏమి చేయలేడు? అది కంటికి కనబడు సందర్భమేది?' అని విచారణ నడపెను. ఆ విచారణనుండి పరీక్ష పుట్టవలెనని ఆయన పద్ధతి. 1936 మొదలు వేసవి సెలవులలో ఉపాధ్యాయులు కలిసి పనిచేయు శిబిరములు ఆరంభమైనవి. ఈనాడు మన ఉపాధ్యాయులు 'వర్క్‌షాపు' అని చెప్పు సమావేశములకు పెద్దన్నలు అవియే.

టైలరు శిష్యుడగు బెంజమిన్ బ్లూమ్ 1956లో తన సహచరులతో కలిసి విద్యాలక్ష్యములను ఆరు మెట్లుగా ప్రకటించెను. జ్ఞాపకము మొదటి మెట్టు, గ్రహించుట రెండవది, అన్వయించుట మూడవది, విడదీసి చూచుట, కూర్చుట, విలువ కట్టుట తరువాతివి. ఆయన 1957లో మన దేశమునకు వచ్చి ఉపాధ్యాయులతో సమావేశములు జరిపెను. 1958లో కేంద్ర పరీక్షా విభాగము ఏర్పడినది. 1964 మొదలు 1966 వరకు పనిచేసిన కొఠారీ సంఘము ఒక ఉన్నత పాఠశాలను కేంద్రముగా చేసి చుట్టుప్రక్కల ప్రాథమిక పాఠశాలలను దానితో కలుపవలెనని చెప్పెను. దానినే పాఠశాల సముదాయమనిరి. బ్రిటిషు ప్రభుత్వ సాయముతో 1980ల దశకమున మన రాష్ట్రమందు ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ఉపాధ్యాయ కేంద్రములను నెలకొల్పి, ఒంటరిగా నుండు పంతుళ్ళను ఒకచోట చేర్చినది. 1991లో దవే సంఘము తరగతివారీగా కనీస అభ్యసన స్థాయులను నిర్ణయించి ప్రకటించెను.

ఇవన్నియు ఉత్తరువులుగా మా యొద్దకు వచ్చుచుండెను. మేము ఫైలులో పెట్టుచుంటిమి. ఆ తల్లి నన్ను ప్రశ్నించిన మరుసటి సంవత్సరము, అనగా 1994లో, మా సముదాయ సమావేశమున నేను సిగ్గు విడిచి ఆ బాలుని సంగతి చెప్పితిని. తొమ్మిదిమంది ఉపాధ్యాయులుంటిమి. ఒకరు నవ్విరి, ఒకరు 'ఇది ఇంటింటి కథయే పండితులవారూ' అనిరి. చుట్టుప్రక్కల ఒక పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల నడపు ఉపాధ్యాయిని మాత్రము నా ప్రశ్నపత్రము అడిగి తీసికొని చదివినది. "సార్, ఇందులో ప్రతి జవాబు పిల్లవాడు పుస్తకం మూసి చెప్పగలడు. పుస్తకం తెరిచి క్రొత్త పేరా ఇస్తే ఒక్కటి చెప్పలేడేమో. మరి మనం దేనికి మార్కులు ఇచ్చినట్లు సార్?" అన్నది.

ఆనాడు నల్లబల్ల మీద గీతలు గీచితిమి. ఒకవైపు ఆ తరగతి బాలునికి రావలసిన శక్తులు వ్రాసితిమి: విని గ్రహించుట, క్రొత్తదానిని చదివి గ్రహించుట, తన మాటలలో చెప్పుట, అవసరమైనది వ్రాయుట, పద్యమును స్పష్టముగా చదువుట. రెండవవైపు నా ప్రశ్నలు ఒక్కొక్కటిగా వ్రాసి, ఏ ప్రశ్న ఏ శక్తికి కొలతయో చూచితిమి. ప్రశ్నలు దాదాపు అన్నియు కంఠపాఠమునకే చెందినవి. చదివి గ్రహించుట కెదురుగా ఒక్క ప్రశ్నయు లేదు. తొమ్మిదిమంది ముందర ఆ ఖాళీ చోటును చూచుట నాకు ఎంత కష్టమైనదో చెప్పలేను. తరువాత తక్కినవారి పత్రములు తీసితిమి. వారి బల్లలు కూడ అట్లే యుండెను. నాకు కొంత ఊరట కలిగిన మాట నిజము.

మరుసటి సమావేశమున ఇంకొక సంగతి తెలిసినది. ఊరిలో బోరింగు చెడినదని సర్పంచికి ఉత్తరము వ్రాయుమని పిల్లలను కోరియుంటిమి. ఒక బాలిక వ్రాసిన ఉత్తరమునకు నకళ్ళు తీయించి, ఒకరికొకరు చూపుకొనకుండ 10కి ఎన్ని మార్కులో వేయవలె ననుకొంటిమి. చీట్లు విప్పి చూడగా 3 మొదలు 8 వరకు ఉన్నవి. ఒక్క ఉత్తరము, ఒక్క బాలిక! మూడు మార్కులు వేసినవాడను నేనే. ఒత్తులు తప్పినవి, దీర్ఘములు తప్పినవి, పండితుని కన్ను మరియేమి చూచును? ఎనిమిది వేసినది ఆ ఏకోపాధ్యాయిని.

"సార్, ఈ ఉత్తరం సర్పంచికి చేరితే బోరింగు బాగవుతుందా, కాదా?" అని ఆమె యడిగినది.

ఏ వీథిలో, ఏ నాటినుండి, ఎందరికి నీరు లేదో ఆ బాలిక స్పష్టముగా వ్రాసియున్నది. "బాగగును" అంటిని.

"మరి మూడేమి సార్?"

ఆ సాయంకాలము వాదములు చాల జరిగినవి. నేను తప్పులను క్షమింపనంటిని. ఆమె తప్పులకొరకే ఉత్తరమును చంపవద్దనినది. తుదకు నాలుగు భాగములు చేసితిమి. ఎవరికి ఏమి కావలెనో చెప్పుటకు 4, వరుసక్రమమునకు 2, వాక్యములకు 2, అక్షరదోషములు లేకుండుటకు 2. ఆ లెక్కన మరల దిద్దగా తొమ్మిదిమందిమి ఆరునకును ఏడునకును మధ్యకు వచ్చితిమి. అంతకన్న ముఖ్యమైనది, ఆ బాలికకు రేపు ఏమి నేర్పవలెనో తెలిసినది. ఆమెకు భావము వచ్చును, దీర్ఘములు నేర్పవలెను. నేను వేసిన మూడు మార్కులు ఆ సంగతి చెప్పలేదు. ఎనిమిది మార్కులును చెప్పలేదు.

పద్యములను విడువలేదు. పద్యము కంఠస్థము చేయుట మేలే; నా విద్యయంతయు అట్లు వచ్చినదే. కాని దానికి దాని పరీక్షయే పెట్టితిమి: నిలుచుండి, పదములు విరువకుండ, స్పష్టముగా చదువుట. చదివి గ్రహించుటకు మాత్రము పాఠ్యపుస్తకము వెలుపలి కాగితములు ఏరి తెచ్చితిమి. బస్సు వేళల పట్టిక, విత్తనపు సంచి మీది సూచనలు, మందుసీసా చీటి, పంచాయతీ ప్రకటన. ఇంటికి వచ్చి ఆ కాగితములు కట్ట కట్టుచుండగా నాకు ముత్తాతగారి కట్ట జ్ఞాపకమునకు వచ్చినది. నూరేండ్ల క్రిందట అటక ఎక్కినదానిని తొమ్మిదిమందిమి చేరి దింపితిమి.

దీని ఫలితము మొదటి యేడు ఎట్లుండెనో దాచను. మార్కులు పడిపోయినవి. ఊరి పెద్దలు నలుగురు బడికి వచ్చిరి. "అయ్యవారూ, నిరుడు డెబ్బై వచ్చినోనికి ఈయేడు నలభైయెనిమిది ఏమి? మీరు చెప్పేది తగ్గించినారా?" అని ఒక పెద్దాయన కోపగించెను. నేను వాదింపలేదు. ఆయన మనుమని పిలిచి ఆనాటి వార్తాపత్రిక చేతికిచ్చి, ఒక వార్త చదివి తాతకు దాని సంగతి చెప్పుమంటిని. బాలుడు సగము చెప్పెను, సగము తప్పెను. పెద్దాయన కొంతసేపు ఊరకుండి, "ఆ నలభైయెనిమిదే నిజం మాదిరి ఉంది" అని లేచెను. ఆనాటినుండి ఆయన బడికి వచ్చినప్పుడెల్ల మార్కులు అడుగుట మాని, ఏదో ఒక కాగితము తెచ్చి పిల్లలచేత చదివించెడివాడు. మా కొలతను ఆయన మాకన్న బాగుగా గ్రహించెను.

ఆ పని మూడేండ్లు చక్కగా నడచినది. తరువాత ఆ ఉపాధ్యాయినికి బదిలీ యైనది. మరి ఇద్దరు విశ్రాంతి పొందిరి. సమావేశములు సర్క్యులరులు చదువుటకే పరిమితమైనవి. 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించెను. ఆశయము మంచిదే. కాని నేను చూచినంతవరకు చాలచోట్ల అది పట్టికలు నింపు పని యైనది. పిల్లల ప్రాజెక్టు పనులు అంగడిలో అమ్ముడుపోయినవి. 2017లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తరగతివారీగా అభ్యసన ఫలితములను ప్రకటించెను. 1862 నాటి స్టాండర్డులకన్న, 1991 నాటి స్థాయులకన్న ఇవి విపులములు. అయినను పట్టిక ఎంత గొప్పదైనను అది కొలబద్ద మీది గీతల వంటిది. కొలుచుట వచ్చినవాడు లేనిచో గీతలేమి చేయును? ఆ నేర్పు ఉత్తరువు వలన రాదు. పదిమంది ఉపాధ్యాయులు పిల్లలు వ్రాసిన కాగితములను నడుమ పెట్టుకొని, తమ తప్పు తాము చూచుకొని, వాదించుకొని, ఒకమాట మీదికి వచ్చిననాడే వచ్చును. ఒకరు బదిలీయైనంత మాత్రమున అది చెడకుండవలెనన్నచో ఆ కూర్చుండుట ఆగరాదు.

మీ వంటి పెద్దలు దీనికి చేయగల సాయ మొకటి కలదు. చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున నూటికి 75 మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండవలెను. ఆ సమావేశమునకు పొండు, పంపుడు. 'మావానికి ఎన్ని మార్కులు?' అని యడిగినచో ఉపాధ్యాయుడు మార్కులే చూపించును; మీరడిగినదే ఆయన సిద్ధము చేయును. దానికి బదులు, 'వానికి ఈ నెలలో ఏమి వచ్చినది, ఏమి రాలేదు, రానిదానికి ఏమి చేయుచున్నారు?' అని మర్యాదగా అడుగుడు. ఉపాధ్యాయులు నెలకొకనాడు కలిసి కూర్చుండుటకు పోయిననాడు 'బడి ఎగవేసినారు' అని నిందింపకుడు. మీ యింటికి వచ్చిన కాగితమును మనుమనిచేత చదివించి, చదివినదేమో చెప్పుమనుడు. అంతకన్న మంచి పరీక్ష ఏ మండలియు పెట్టలేదు.

ఆ 71 మార్కుల బాలుని సంగతి చెప్పి ముగించెదను. అతడు ఆ తరువాత ఏడాదిపాటు సాయంకాలములందు మా యింటి అరుగు మీద కూర్చుండి నా కట్టలోని కాగితములు ఒక్కొక్కటిగా చదివి అర్థము చెప్పుచుండెను. మరుసటి ఏడు సహకార సంఘమువారి నోటీసు మరల వచ్చినప్పుడు దానిని తానే చదివి, తేదీ చెప్పి, తల్లిని వెంటబెట్టుకొని పోయి సొమ్ము కట్టించెను. రసీదు తెచ్చి నాకు చూపెను. ముందటి యేటి వడ్డీ మాత్రము తిరిగి రాలేదు. అది నా లెక్కలోనే యున్నది.